పాత నంబరే, కొత్త ఫోన్లు: మా వర్క్‌షాపు నుంచి ఒక వివరణ

చిత్తూరులోని మా మోటారు వైండింగ్ వర్క్‌షాపుకు గత రెండు నెలల్లో ఫోన్ చేసినవారిలో కొందరికి ఎంగేజ్ టోన్ వినిపించింది, కొందరు మాట్లాడినది మాకు చేరలేదు, మరికొందరు విసిగి మోటారును వేరే చోటికి తీసుకుపోయారు. తప్పు మాదే. పాత ల్యాండ్‌లైన్ తీసివేసి, ఇంటర్నెట్ మీద నడిచే డెస్క్ ఫోన్లు పెట్టుకోవడంలో మేము తడబడ్డాము. ఇప్పుడు ఏర్పాటు ఒక దారికి వచ్చింది కనుక, ఏమి ఎంచుకున్నామో, ఎందుకు ఎంచుకున్నామో మీకు తెలియజేయడం మా బాధ్యత.

మాకు కాల్స్ రోజంతా సమంగా రావు. వ్యవసాయానికి త్రీఫేజ్ కరెంటు వదిలిన మొదటి గంటలోనే, బటన్ నొక్కగానే మోటారు గుర్రుమని ఆగిపోయిన రైతులందరూ ఒక్కసారిగా ఫోన్ చేస్తారు. బంగారుపాళెం నుంచి ఒకరు, యాదమరి నుంచి ఒకరు, సరిహద్దు దాటి కాట్పాడి వైపు నుంచి ఇంకొకరు. ఒకే లైను ఉన్నప్పుడు మొదటివారికి మాత్రమే జవాబు దొరికేది. మిగిలినవారు ఎవరో తెలుసుకునే వీలు కూడా ఆ పాత ఫోన్‌లో లేదు.

అందరికీ సెల్‌ఫోన్లు ఇస్తే సరిపోదా అని కొందరు అడిగారు. సెల్‌ఫోన్ మెకానిక్‌తో పాటు సెలవు మీద వెళుతుంది. పైగా 08572తో మొదలయ్యే మా నంబరు ఎన్నో మోటారు షెడ్ల తలుపుల మీద పెయింటుతో రాసి ఉంది. ఇటీవల గుడిపాల వైపు ఒక బోరు దగ్గరకు వెళ్లినప్పుడు, తుప్పు పట్టిన స్టార్టర్ పెట్టె మూత లోపల, మా నాన్నగారి చేతిరాతలో అదే నంబరు కనిపించింది. సెల్ నంబరును ఒక కంపెనీ నుంచి మరొక కంపెనీకి మార్చుకున్నట్లు మన దేశంలో ల్యాండ్‌లైన్ నంబరును మార్చుకునే వీలు లేదు. అందువల్ల అదే కంపెనీ ఫైబర్‌కు మారి, ఆ నంబరును నిలుపుకున్నాము. ఫైబర్ డబ్బాకు ఉన్న ఫోన్ పోర్టు నుంచి తీగ లాగి గేట్‌వే అనే చిన్న పెట్టెకు కలిపితే, పాత నంబరుకు వచ్చిన కాల్ కొత్త ఫోన్లలో మోగుతుంది. ఆ నంబరులో ఒకసారికి ఒక్క కాల్ మాత్రమే నడుస్తుంది కనుక, అది బిజీగా ఉన్నప్పుడు నాలుగు కాల్స్ ఒకేసారి తీసుకోగల మరొక నంబరుకు మళ్లించాము. మీరు చేయవలసినది ఏమీ లేదు. షెడ్డు తలుపు మీది నంబరుకే చేయండి.

ఇక ఫోన్ల సంగతి. డబ్బు మిగులుతుందని మొదట ఒక వ్యాపారి వద్ద వాడిన ఫోన్లు నాలుగు కొన్నాము. బరువుగా, గట్టిగా, చూడముచ్చటగా ఉన్నాయి. ఇంటర్నెట్ ఫోన్లలో ఎక్కువ మంది వాడే పద్ధతి సిప్. ఇప్పటికీ ఆధారంగా ఉన్న దాని ప్రమాణం 2002లో వెలువడింది. మేము కొన్నవాటిలో రెండు తమ కంపెనీ సొంత పద్ధతికి తప్ప దేనికీ లొంగలేదు, మిగిలిన రెండింటికి పాత యజమాని పెట్టిన తాళం ఊడలేదు. అందులో ఒకటి ఇప్పుడు బిల్లు కాగితాలు ఎగిరిపోకుండా బరువుగా పనికివస్తున్నది.

తరువాత కొత్తవే తీసుకున్నాము. కౌంటరులోను, షెడ్డులోను యీలింక్ కంపెనీ టి31పి రకం ఫోన్లు పెట్టాము. రెండు సిప్ ఖాతాలు (అంటే రెండు నంబర్లు పెట్టుకునే వీలు), చిన్న నలుపు తెలుపు తెర, అక్కడికి అంతకు మించి అవసరం లేదు. లెక్కల బల్ల మీద మాత్రం అదే కంపెనీ టి33జి ఉంది. రంగుల తెర మీద మోజుతో కాదు, అక్కడి కంప్యూటరుకు ఇంటర్నెట్ ఫోన్ వెనుక పోర్టు గుండానే వెళుతుంది. టి31పిలో ఆ పోర్టు సెకనుకు 100 మెగాబిట్ల దగ్గర ఆగుతుంది, టి33జిలో గిగాబిట్ వరకు పోతుంది.

మీ మాట మాకు చేరకపోవడానికి కారణం ఫోన్లు కావు. మొదట నెట్ వేగం చాలదనుకొని ప్లాన్ పెంచాము, అది వృథా ఖర్చు. మామూలు నాణ్యతలో ఒక కాల్‌కు ఒక్కో వైపు సెకనుకు సుమారు 90 కిలోబిట్లు సరిపోతాయి. నాలుగు కాల్స్ కలిసినా ఒక్కో వైపు అర మెగాబిట్ దాటదు. అసలు దోషం రూటరులో ఉంది. సిప్ ఏఎల్‌జీ అనే సౌకర్యం సాయం చేస్తున్నాననుకొని కాల్‌లోని చిరునామాలను తిరగరాసేది, దానితో మీ గొంతు మా ఫోన్‌కు దారి తప్పేది. దాన్ని ఆపివేసిన సాయంత్రమే ఇబ్బంది తీరింది. ఒక్క టిక్కు గుర్తు తీయడానికి మాకు పదహారు రోజులు పట్టింది.

పాత ల్యాండ్‌లైనుకు ఎక్స్ఛేంజీ నుంచే రాగి తీగ మీద కరెంటు వచ్చేది, ఊరంతా చీకటైనా అది మోగేది. కొత్తవాటికి ఆ గుణం లేదు. ఫోన్లన్నీ నెట్ తీగ మీదనే కరెంటు తీసుకునే రకం కనుక ఫోన్లకు నెట్ తీగలు పంచే స్విచ్చు పెట్టెను, ఫైబర్ డబ్బాను, రూటరును, గేట్‌వేను ఒకే యూపీఎస్‌కు కలిపాము. అది సుమారు రెండు గంటలు లాగుతుంది. ఆ తరువాత కాల్స్ మా సెల్‌కు మళ్లుతాయి.

తెలుగుకు ఒకటి, తమిళానికి రెండు నొక్కండి అని చెప్పే యంత్రపు గొంతును పెట్టమని ఏర్పాటు చేసినవారు గట్టిగానే చెప్పారు. మేము వద్దన్నాము. ఎండలో బోరు గట్టు మీద నిలబడినవారి చేత అంకెలు నొక్కించడం మాకు సమ్మతం కాదు. కౌంటరులో ఇరవై సెకన్లు మోగి ఎవరూ ఎత్తకపోతే కాల్ షెడ్డుకు వెళుతుంది. అక్కడా ఎత్తకపోతే మీ నంబరు తెర మీద నిలిచి ఉంటుంది, మేమే తిరిగి చేస్తాము.

ఒక లోటు మాత్రం ఇంకా మిగిలి ఉంది. లేత్ తిరుగుతున్నప్పుడు షెడ్డులో రింగు వినబడడం లేదు, శబ్దం పూర్తిగా పెంచినా అంతే. కాల్ వస్తే వెలిగే ఎర్ర దీపం గోడకు పెట్టిస్తున్నాము. అది బిగించేవరకు, ఉదయం వేళ షెడ్డుకు వెళ్లిన కాల్‌కు జవాబు రాకపోతే లేత్ ఆగగానే ఫోన్ చేస్తాము.