ఆ నీలం గుండ్రం మనదేనండీ

సంపాదకులు గారికి నమస్కారం.

మొన్న ఆదివారం మీ జిల్లా పేజీలో మా ఊళ్ళో జరిగిన ఒక ప్రదర్శన ఫొటోలు వేశారు. కింద ఎడమ పక్కన ఉన్న ఫొటో మాది. మాది అంటే నాదీ, మా మేనల్లుడిదీ. ఫొటో బాగానే పడింది గానీ దాని కింద "విదేశీ యుద్ధవిమానాన్ని పోలిన డ్రోన్" అని రాశారు చూడండి, తంటా అంతా అక్కడే వచ్చింది. అందులో రెండు తప్పులున్నాయి. పొద్దున్నే టీ కొట్టు దగ్గర నలుగురూ "ఏటి, డ్రోన్ ఎగరేస్తున్నావంట" అని అడుగుతుంటే ఒక్కొక్కరికీ చెప్పలేక ఈ ఉత్తరం రాస్తున్నాను.

నేను ముప్పై ఏళ్ళుగా విజయనగరంలో బోర్డులు రాసేవాణ్ణి. ఒకప్పుడు మూడు లాంతర్ల నుంచి గంటస్తంభం దాకా నా చేతి అక్షరం లేని షాపుల్ని లెక్కపెట్టడమే తేలిక. ఫ్లెక్సీలు వచ్చాక బ్రష్ పట్టే పని పోయింది, ఇప్పుడు సన్‌బోర్డు కోసి అక్షరాలు అతికించడం, వినైల్ స్టిక్కర్లు వేయడం, అంతే. మా మేనల్లుడికి చిన్నప్పటి నుంచి విమానాల పిచ్చి. థర్మోకోల్, సన్‌బోర్డు తెచ్చి కోసి అతికించి, మోటారు, రెక్కల, తోక పలకల్ని కదిపే సర్వోలనే బుల్లి మోటార్లు, బ్యాటరీ పెట్టి, చేతిలో రిమోట్‌తో ఎగరేస్తాడు. ఎగరడం వాడి పని, అచ్చం అసలు దానిలా కనిపించడం నా పని.

ఆ ఫొటోలోది హాకర్ హరికేన్, రెండో ప్రపంచ యుద్ధం నాటి యుద్ధవిమానం. అసలు విమానం రెక్కల ఈ కొస నుంచి ఆ కొసకి 40 అడుగులు, మాది 5 అడుగులు, అంటే అక్కడ అడుగైతే ఇక్కడ అంగుళంన్నర. తయారీ ఇంగ్లండుదే, కాదనను. కానీ 1944లో ఇంఫాల్ దగ్గర జపాన్ సైన్యం మీద మన వాయుసేన 1వ స్క్వాడ్రన్ ఎగరేసినవి హరికేన్లే. ఆ స్క్వాడ్రన్‌ని నడిపించింది తర్వాత మార్షల్ అయిన అర్జన్ సింగ్ గారు, ఆయనకి డీఎఫ్‌సీ అనే శౌర్య పతకం వచ్చింది అక్కడే. మేం చేసింది ఆ రోజుల హరికేన్.

ఇప్పుడు అసలు గొడవకి వస్తాను. ప్రదర్శనలో న్యాయనిర్ణేతల్లో ఒకాయన విమానం చుట్టూ రెండుసార్లు తిరిగి, "మన జెండా రంగులేవీ, ఈ నీలం గుండ్రాలేంటి, ఇంగ్లీషోడి బొమ్మ తెచ్చి పెట్టారా" అన్నారు. మావాడి మొహం మాడిపోయింది. వాడు నోరు తెరిచేలోపే ఆయన పక్క టేబుల్ దగ్గరికి వెళ్ళిపోయారు. బహుమతి రాలేదని కాదు నా బాధ, వస్తే మటుకు ఏముంది, ఒక స్టీలు గ్లాసుల సెట్టు. కానీ ఆ గుండ్రం ఎవరి విమానమో చెప్పే గుర్తు, ఊరికే వేసింది కాదు. అప్పట్లో బ్రిటిష్ విమానాల గుర్తులో నడిమధ్య ఎర్ర చుక్క ఉండేది, జపాన్ విమానాల మీదేమో ఎర్రటి గుండ్రమే గుర్తు. అడవి మీద వేగంగా పోతున్న విమానంలో ఆ ఎరుపు కాస్త కనిపిస్తే చాలు, కింద తుపాకీ పట్టుకున్నవాడు మనదో వాళ్ళదో ఆలోచిస్తాడా? అందుకే ఈ ప్రాంతంలో ఎగిరే విమానాలకి ఎరుపు తీసేసి, ముదురు నీలం గుండ్రంలో లేత నీలం చుక్క పెట్టారు. మన వాయుసేన హరికేన్ల మీద కూడా అదే. పచ్చ, తెలుపు, కాషాయం గుండ్రం స్వాతంత్ర్యం వచ్చాక వచ్చింది, 1944 విమానం మీద దాన్ని వేస్తే తప్పు రాసినట్టే కదా.

ఆ ఎర్ర గుండ్రం మన వైపు వాళ్ళకి తెలియనిదేం కాదు. 1942 ఏప్రిల్ 6న విశాఖ మీదా, కాకినాడ మీదా బాంబులు వేసింది జపాన్ విమానాలే. వైజాగ్ నుంచి జనం మూటాముల్లె సర్దుకుని మా ఊరి దాకా వచ్చారని మా తాత చెప్పేవారు.

సరే, రంగుల సంగతి. మొదట్లో నేను తప్పులు చేశాను, ఒప్పుకుంటాను. మొదటి విమానానికి నాకు అలవాటైన పద్ధతిలో పెయింటులో థిన్నర్ కలిపి కొట్టేశాను. నా కళ్ళ ముందే థర్మోకోల్ మీద చిన్న చిన్న గుంటలు పడుతూ, పంచదార మీద నీళ్ళు పోసినట్టు రెక్క కరిగిపోయింది. "ఏటి మావయ్యా ఇది, చెదలు తినేసినట్టుంది" అన్నాడు వాడు. అప్పటి నుంచి నీళ్ళతో కలిపే రంగులే, గోడలకి వేసే ఎమల్షన్ అయితే చవక కూడా.

రెండో తప్పు రివెట్లు, అంటే రేకుల్ని బిగించే మేకులు. ఫెవికాల్‌ని ఇంజక్షన్ సూదిలోంచి ఒక్కో చుక్కా పెట్టుకుంటూ పోతే ఆరాక రివెట్టు తలలా పొంగి ఉంటుంది. చుక్క ఆవగింజలో సగం కూడా ఉండకూడదు. నాలుగు రాత్రులు కూర్చుని, మెడ పట్టేసినా వదలకుండా, ముక్కు నుంచి తోక దాకా పెట్టాను. వాడు చూసి తల పట్టుకున్నాడు. హరికేన్ ఒళ్ళు వెనక సగం రేకు కాదట, లోపల చట్రం మీద గుడ్డ కప్పారట. గుడ్డకి రివెట్లెక్కడివి? వెనక చుక్కలన్నీ బ్లేడుతో గీకేసి, వాటి బదులు కుట్టుమిషను దారం పొడుగ్గా వరసలుగా అతికించి పైన పల్చటి టిష్యూ కాగితం వేశాను. లోపల బద్దల మీద గుడ్డ బిగించినట్టే వచ్చింది. ఇంజను పొగగొట్టాల వెనక మసికి మటుకు బజార్లో ఏమీ కొనలేదు, దేవుడి దగ్గర దీపం మీద ఇత్తడి గరిట పట్టి తీసిన మసే, వేలితో గాలి వాలుకి ఒక్కసారి రాస్తే చాలు. పైలట్ కాలు పెట్టి ఎక్కే చోట రెక్క మొదట్లో వెండి రంగు ఆరిపోయిన బ్రష్‌తో అలా అలా తగిలించాను, పెయింటు అరిగి రేకు బయటపడ్డట్టు.

ఇవన్నీ ఎంత ముదురుగా వేయాలి అన్నది ఇంకో సంగతి, అది నాకు బోర్డులే నేర్పాయి. రోడ్డుకి అవతలి నుంచి చదవాల్సిన బోర్డు మీద సన్నగీతలు గీస్తే దండగ. విశాఖ బీచ్‌లో 2017 నుంచి పెట్టిన టీయూ-142 అనే పాత నౌకాదళ విమానం దగ్గరికి ఇద్దరం వెళ్ళి చూశాం. పక్కన నిలబడితే రేకు అతుకులు, రివెట్ల వరసలు లెక్కపెట్టొచ్చు, అదే రోడ్డు మీదకొచ్చి చూస్తే ఒక్కటీ కనిపించదు, ఒళ్ళంతా ఒకే రంగు, అది కూడా కొంచెం పాలిపోయి. చిన్న బొమ్మని చూస్తున్నామంటే పెద్దదాన్ని దూరం నుంచి చూస్తున్నట్టే. అందుకే అసలు రంగులో కాస్త బూడిద రంగు కలిపి లేత చేస్తాను, గీతలు పెన్సిల్‌తోనే గీస్తాను. నల్ల పెన్నుతో గీస్తే బొమ్మల పుస్తకంలా ఉంటుంది.

అన్నీ అయ్యాక నెల్లిమర్ల వైపు చంపావతి ఒడ్డున ఖాళీ జాగాకి తీసుకెళ్ళి ఎగరేస్తే ఏమైందనుకున్నారు? లేచిన నాలుగు సెకన్లకి ముక్కు పైకెత్తి, గాల్లో ఆగినట్టై, ఎడమ రెక్క మీద ఒరిగి పక్కనున్న గోగు చేలో పడింది. గోగు ఏపుగా ఉంది కాబట్టి రెక్క దక్కింది. తప్పు నాదే. దారాలూ, టిష్యూ, మూడు పూతల రంగూ అన్నీ తోక వైపే పెరిగాయి. హరికేన్ ముక్కు పొట్టి, తోకలో ఒక గ్రాము పెరిగితే ముక్కులో రెండు మూడు గ్రాములు పెట్టాలి. ఇప్పుడు మా వీధిలో బంగారం పనిచేసే ఆయన త్రాసు మీద తూచకుండా నేను ఏదీ అతికించను, చివర్లో రెక్కల కింద రెండు వేళ్ళు పెట్టి ఎత్తి, ముక్కు కొంచెం కిందికి వాలిందా లేదా చూసుకున్నాకే బండి ఎక్కిస్తాం. చూపులకి మూడు రేకుల పంకా, ఎగరడానికి రెండు రేకులది, దానికీ దీనికీ మార్చుకుంటాం.

డ్రోన్ సంగతి కూడా చెప్పాలి. 2021 డ్రోన్ నిబంధనల్లోనే 25 కిలోల లోపు ఉండి, చదువుకో సరదాకో కంటికి కనిపించేంత దూరంలోనే ఎగరేసేదానికి మోడల్ అని వేరే పేరు పెట్టారు. ఎగరేసే ముందు ప్రభుత్వం వారి మ్యాప్‌లో ఆ చోటు అనుమతి అక్కర్లేని ఆకుపచ్చ రంగులో ఉందో లేదో మావాడు చూసుకుంటాడు, 400 అడుగులు దాటనివ్వడు. ఇక మా దాంట్లో కెమెరా లేదు, దానంతట అది నడవదు. రిమోట్ మీద వేలు తీస్తే పడిపోతుంది, అంతే.

కాబట్టి నేను అడిగేది రెండు ముక్కల సవరణ. "భారత వాయుసేన హరికేన్, 1944, రిమోట్‌తో ఎగిరే నమూనా" అని వేయండి చాలు, మా పేర్లు అక్కర్లేదు. వేసేటప్పుడు మళ్ళీ ఆ ఫొటో వేస్తే మటుకు దయచేసి రంగుల పేజీలో వేయండి. నలుపు తెలుపులో అయితే ఆ నీలం గుండ్రం బూడిద రంగులో పడుతుంది, రేపు ఇంకొకాయన "ఎర్ర చుక్క కదా, జపాన్ వాళ్ళదా" అని అడిగితే నేను మళ్ళీ మీకు ఇంకో ఉత్తరం రాయాలి.

ఇట్లు
ఒక బోర్డుల ఆర్టిస్టు, విజయనగరం