నథింగ్ సార్!

ఒరేయ్ గుమస్తా,

రెండుత్తరాలు రాసినా జవాబు లేదని తిట్టుకుంటూ ఉంటావు. తిట్టుకో, తప్పు నాదే. మొదటిదానికి సగం జవాబు రాసి ఎక్కడో పెట్టాను, అది దొరికాక పూర్తి చేద్దామని ఇన్నాళ్లూ ఆగాను. ఇంట్లో అందరూ బావున్నారు. నా మోకాలి నొప్పి తగ్గింది. నువ్వడిగిన ఫొటోలు... వచ్చే ఉత్తరంలో. ఇక అసలు సంగతి చెప్పకపోతే నా కడుపు ఉబ్బిపోయేలా ఉంది.

రెండో తరగతి ఇంగ్లీషు నాకు అంటగట్టారు కదా. మొదటి పాఠమే తరగతి గదిలో వస్తువుల పేర్లు. ఇందులో నేర్పడానికేముంది, పెన్సిలూ బోర్డూ బ్యాగూ తెలుగైపోయి ఎన్నాళ్లయిందో అనుకున్నా. చిక్కంతా అక్కడే ఉందిరా! రబ్బరు పుస్తకంలో ఇరేజర్, స్కేలేమో రూలర్, మెండర్ షార్పనర్. "స్కేలు అంటే తప్పా సార్?" అందో పిల్ల. తప్పేం లేదమ్మా అన్నాను. "మరెందుకు మార్చారు?" నువ్వుంటే ఏం చెప్పేవాడివో కానీ నేను మాత్రం బోర్డు తుడుచుకున్నాను.

మొదటివారం 'సైమన్ సేస్' ఆడించాను. 'సైమన్ సేస్, టచ్ ది డోర్' అంటే తలుపు ముట్టుకోవాలి, ఉత్తి 'టచ్ ది డోర్' అంటే కదలకూడదు, కదిలితే ఔట్. జేమ్స్ ఆషర్ అని ఒక అమెరికా మనస్తత్వవేత్త ఉన్నాడులే, మాట విని ముందు ఒంటితో చేసి చూపించనివ్వండి, మాట్లాడ్డానికి తొందరపెట్టకండి అని 1960లలో ఒక పద్ధతి తెచ్చాడు. ఈ ఆట దానికి అచ్చంగా సరిపోయిందని మురిసిపోయా. ఐదు నిమిషాల్లో పదిమంది ఔటైపోయి గోడవారన చేరారు. ఎవరనుకున్నావ్, ఆ మాటలు రానివాళ్లే! వచ్చినవాళ్లు ఆడుతున్నారు, నేర్చుకోవలసినవాళ్లు ఒకళ్ల జుట్టు ఒకళ్లు పీక్కుంటున్నారు. ఔట్ అనేది ఆ రోజే ఎత్తేశా. తప్పు చేసినవాడే తర్వాతి ఆజ్ఞ ఇవ్వాలి. కొందరు కావాలనే తప్పు చేస్తున్నారనుకో, అది వేరే కథ.

ఇప్పుడు అసలుది. ఒట్టు, ఒక్క ముక్క కల్పించలేదు.

'వాట్స్ మిస్సింగ్' ఆట. బల్లమీద ఏడు వస్తువులు: పెన్సిల్, ఇరేజర్, రూలర్, షార్పనర్, గ్లూ, క్రేయాన్, సిజర్స్. (పది పెడితే గందరగోళం, ఐదైతే ఇట్టే పట్టేశారు.) అందరూ కళ్లు మూసుకుంటే గుడ్డ కప్పి ఒకటి తీసేస్తాను. ఏది పోయిందో చెప్పాలి. రెండ్రోజులు నేనే దాచాను, బాగానే చెప్పారు. మూడోరోజు ఆఖరు బెంచీ వాడొకడు "నేను దాస్తా సార్" అని లేచాడు. అచ్చం తనిఖీకొచ్చిన అధికారి మొహం! గుడ్డ కింద చాలాసేపు కెలికాడు, గుడ్డ తీశాడు, చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"రూలర్!" అన్నారు. రూలర్ ఉంది. "గ్లూ!" అదీ ఉంది. ఒక పిల్ల దగ్గరికొచ్చి వేలుపెట్టి పెన్సిల్, ఇరేజర్, రూలర్ అంటూ ఏడూ లెక్కపెట్టింది. నీకు లెక్కే రాదని ఇంకొకడు మళ్లీ మొదట్నుంచీ. షార్పనర్ రెండు ఉండాలని ఒకడి వాదన, క్రేయాన్ రంగు మారిందని ఇంకొకడు. నేను కూడా, సిగ్గు వదిలి చెప్తున్నా, వాడి జేబు తడిమాను. అప్పుడన్నాడురా, తాపీగా, "నథింగ్ సార్!"

ఆ మాట నేను నేర్పలేదు. ఎక్కణ్ణుంచి పట్టుకొచ్చాడో!

నేను దాచినప్పుడు ఆటకి ఒక్క మాట బయటికొచ్చేది, అదీ ముందు అరిచినవాడి నోట. వాడు ఏమీ దాచకపోయేసరికి క్లాసు క్లాసంతా ఏడు మాటలూ నాలుగైదు సార్లు అప్పజెప్పింది, నేను 'రిపీట్' అని ఒక్కసారీ అనకుండానే. రెండువారాలు కార్డులు కత్తిరించుకుంటూ కూర్చున్న నాకు తట్టలేదు చూడు. కొంచెం కుళ్లుకున్నా కూడా.

ఇప్పుడు తంటా ఏంటంటే దాచడానికి ఎవడొచ్చినా నథింగే. అందుకని కొత్త వస్తువు చేర్చడం కూడా పెట్టాను. హోంవర్క్ ఏదిరా అన్నా "నథింగ్ సార్" అంటున్నారు!

ఇంకోటి, ఉన్నది ఒక్క కత్తెరే అయినా 'సిజర్స్ ఆర్' అనాలన్నానా, ఆ స్కేలు పిల్ల మళ్లీ లేచి... అదిగో గంట కొట్టారు. నువ్వు మాత్రం

నీ
సగం ఉత్తరం గాడు