క్యాంపుకి వెళ్లే ముందు ఓడీ సంగతి

గుంటూరు

చి. బుజ్జమ్మకు,

నాన్న ఆశీస్సులు. యూనివర్సిటీ వాలీబాల్ టీమ్‌లో నీ పేరు వచ్చినందుకు ఇంట్లో అందరికీ సంతోషంగా ఉంది. ఆట సంగతి మీ కోచ్ చూసుకుంటాడు. నేను అటెండెన్స్, మిడ్స్ (సెమిస్టర్ మధ్యలో పెట్టే రెండు పరీక్షలు) గురించి రాస్తున్నాను.

ఓడీ, అంటే ఆటకి వెళ్లిన రోజుల్ని ఆన్ డ్యూటీ కింద హాజరుగా వేయించడం, అంతా పీడీ సార్ (ఆటల టీచర్) చూసుకుంటానన్నారని చెప్పావు. ఆయన మాట మీద నాకు అనుమానం లేదు గానీ, నోటిమాట కాలేజీ అటెండెన్స్ పోర్టల్‌లోకి ఎక్కదు తల్లీ. సెమిస్టర్‌కి 90 పనిరోజులనుకో. హాజరు 75 శాతం ఉండాలి, అంటే 68 రోజులు క్లాసులో ఉండాలి, నీ చేతిలో మిగిలేవి 22. క్యాంపు పది రోజులు, టోర్నీ వారం, రానుపోను నాలుగు రోజులు వేసుకున్నా, ఓడీ పడకపోతే 21 అక్కడే పోయాయి. ఆపైన రెండు రోజులు జ్వరమొచ్చినా 75 కిందకి వస్తావు. 65 తగ్గకపోతే కారణం చూపించి, ఫీజు కట్టి కండోనేషన్ (తగ్గిన హాజరుకి మినహాయింపు) అడగొచ్చు. అంతకన్నా పడిపోతే ఏ కాగితమూ పనిచేయదు, డిటెయిన్ చేస్తారు, అంటే పరీక్షలు రాయనివ్వకుండా ఆపేస్తారు.

మీ జేఎన్‌టీయూ కాకినాడ ఆర్23 రూల్స్‌లో ఇంకో మెలిక ఉంది. ఒక్కో సబ్జెక్టులో విడిగా 40 శాతం ఉండాలి. ప్రాక్టీసు సాగి మొదటి పీరియడ్ పోతూ ఉంటే, ఆ గంటకి ఎక్కువసార్లు పడే సబ్జెక్టు ఏదో టైమ్‌టేబుల్‌లో చూసుకో. మొత్తం మీద 80 ఉన్నవాళ్లు కూడా అక్కడ దొరికిపోతారు.

అందుకని బయల్దేరకముందే సెలెక్షన్ లెటర్ జతచేసి, హెచ్‌ఓడీ ద్వారా ప్రిన్సిపాల్‌కి అప్లికేషన్ పెట్టు. అందులో క్యాంపు తేదీలు, ప్రయాణం రోజులు విడివిడిగా రాయి. సాధారణంగా లెటర్‌లో మ్యాచ్ తేదీలే ఉంటాయి, మిగతా రోజులన్నీ ఆబ్సెంట్ కింద పడేది అందుకే. సంతకమైన కాపీ ఫోటో తీసి నాకు పంపు. తిరిగొచ్చాక పార్టిసిపేషన్ సర్టిఫికెట్ జిరాక్స్ ఇచ్చి, వారం తర్వాత పోర్టల్ తెరిచి ఆ రోజులు ఎక్కాయో లేదో నువ్వే చూడు. సెమిస్టర్ చివర్లో అడిగితే రిజిస్టర్ మూసేశామంటారు.

ఇక మార్కులు. రెండు మిడ్స్‌లో ఎక్కువ వచ్చినదానికి 80 శాతం, రెండోదానికి 20 శాతం వెయిటేజీ. మొదటి మిడ్‌లో 30కి 26 తెచ్చుకుని, టోర్నీ వల్ల రెండోది రాయకపోయినా 20.8 ఉంటాయి. రాసి 15 తెచ్చుకుంటే 23.8. తేడా మూడు మార్కులే! అదే మొదటిది 12తో వదిలేసి రెండోది పోగొట్టుకుంటే 9.6 మిగులుతాయి. పాసవడానికి ఎక్స్‌టర్నల్‌లో (సెమిస్టర్ చివరి పరీక్ష) 70కి 25, మొత్తం మీద 40 రావాలి. ఇంటర్నల్స్ (ఈ మిడ్స్ మార్కులు) 21 ఉంటే ఆ 25 చాలు, పది ఉంటే 30 తెచ్చుకోవాలి. కాబట్టి క్యాంపు పిలుపు రాకముందు వచ్చే మిడ్‌నే నీ అసలు మిడ్ అనుకో.

క్యాంపులో అన్ని సబ్జెక్టులూ చదువుతాననుకోకు, కుదరదు. మ్యాథ్స్ మాత్రం వదలకు, నిన్నటి క్లాసు రానివాళ్లకి ఇవాళ్టిది ఎక్కదు. రోజూ మధ్యాహ్నం ప్రాక్టీసుకి ముందు ముప్పావుగంట, మూడు నాలుగు లెక్కలు. రాత్రి భోజనమయ్యాక పుస్తకం పట్టుకున్నా కళ్లు నిలవవు, పడుకో. థియరీ సబ్జెక్టులు వచ్చాక వారంలో అందుకోవచ్చు. నోట్స్ నీ రూమ్మేట్‌ని ఏ రోజుది ఆ రోజే ఫోటో తీసి పెట్టమను. అందరూ పీడీఎఫ్‌లు పంపుతారు గానీ బోర్డు మీద చేసిన లెక్కలు వాటిలో ఉండవు.

ల్యాబ్‌ని చదివి పూడ్చుకోలేవు. పోయిన ప్రయోగాలు వేరే బ్యాచ్‌తో కూర్చుని చేస్తానని వెళ్లేముందే ల్యాబ్ మేడమ్‌ని అడుగు. వచ్చిన వారంలోనే అబ్జర్వేషన్ బుక్‌లో సంతకం చేయించుకో.

రైలు టికెట్లు కూడా పారేయకు, ఓడీ ఫైల్లో అవీ పెట్టమంటారు.

నాన్న