జూ పనులు వెనక వైపు నుంచి మొదలుపెట్టండి

అయ్యా,

హంటర్ రోడ్డులోని కాకతీయ జూలాజికల్ పార్కులో పాత ఎన్‌క్లోజర్లను బాగుచేయాలన్న ఆలోచనను మనసారా స్వాగతిస్తున్నాం. 1985లో వన విజ్ఞాన కేంద్రంగా మొదలైన చోటు అది. అప్పటి కట్టడాలు అప్పటి అవసరానికి సరిపోయాయి. ఇప్పుడు పులులు కూడా వచ్చాయి, చూడటానికి వచ్చే జనం పెరిగారు. పనులు జరగాల్సిందే. మా విన్నపమల్లా వాటి వరుస గురించే.

ఏ జూలోనైనా పనులంటే ముందుగా గుర్తొచ్చేవి ఆర్చి, అద్దాల గోడ, ఫొటోలు దిగే చోటు. కానీ పులి, చిరుత, ఎలుగుబంటి సాయంత్రం గదిలోకి వెళితే మళ్లీ మర్నాడు ఉదయమే బయటికి వస్తాయి. రోజులో సగానికి మించి అవి గడిపేది సందర్శకులకు కనిపించని రాత్రి గదుల్లోనే. మొదటి రూపాయి అక్కడ ఖర్చుపెట్టాలి.

కేంద్ర జూ అథారిటీ కొలతల ప్రకారం పులికి రాత్రి గది కనీసం 2.75 మీటర్ల పొడవు, 1.8 మీటర్ల వెడల్పు, 3 మీటర్ల ఎత్తు ఉండాలి. చిరుతకు 2 మీటర్ల పొడవు, 1.5 మీటర్ల వెడల్పు, 2 మీటర్ల ఎత్తు. ఇవి కనీస కొలతలు మాత్రమే. మే నెలలో 44 డిగ్రీలు దాటే ఊళ్లో ఇంత చిన్న గదిపై రేకు వేస్తే అది కొలిమి అవుతుంది. స్లాబు వేసి పైన తెల్లటి కూల్ కోటింగ్ వేయాలి. ఎదురెదురు గోడల్లో, ఒకటి పైనా ఒకటి కిందా గాలి కిటికీలు పెడితే వేడి గాలి పైనుంచి పోతుంది. నేలకు నున్నటి టైల్స్ వద్దు. తడిలో జంతువు జారుతుంది. గరుకు మరీ ఎక్కువైతే అరికాళ్లు ఒరుసుకుపోయి పుండ్లు పడతాయి. చీపురుతో గీత గీసినంత గరుకు చాలు. పది అడుగులకు రెండు అంగుళాల వాలు ఉండాలి. పడుకోవడానికి నేలకు అడుగున్నర ఎత్తులో మందపాటి చెక్క బల్ల ఉండాలి. ఇది లేకపోతే కడిగిన తడి నేలమీదే పడుకుని వయసు మళ్లిన జంతువులకు కీళ్లు పట్టేస్తాయి.

మురుగు కాలువ గది బయట వెనక వైపు పోవాలి. ఒక గది నీళ్లు పక్క గదిలోంచి పారేలా కట్టడం చాలాచోట్ల చూసే తప్పు. ఒక జంతువుకు విరేచనాలు పట్టుకుంటే వరుసలో ఉన్న అన్నిటికీ అంటుతుంది. వాన నీళ్లు, పేడ, మూత్రం నిలిచిన చోట జోరీగలు ముసురుతాయి. ఇది చిన్న విషయం కాదు. 2000 జులైలో ఒడిశాలోని నందన్‌కానన్ జూలో 12 పులులను బలిగొన్నది ట్రిపనోసోమా అనే రక్తపరాన్నజీవి. మన పశువుల్లో సర్రా అని పిలిచే జబ్బు అదే. దాన్ని మోసుకొచ్చేది జోరీగే. 2023 జులైలో హంటర్ రోడ్డు మునిగిన తీరు అందరికీ గుర్తుంది. అందుకే ముందు లెవెల్ సర్వే చేయించి, వాన నీటి కాలువను మురుగు కాలువతో కలపకుండా విడిగా తీయాలి. గదుల అడుగు మట్టాన్ని 2023 నాటి వరద మట్టానికి పైన పెట్టాలి.

తలుపుల సంగతి ఇంకా ముఖ్యం. పైకి లేచి కిందికి పడే తలుపుకు వైరు తాడు, ఎదురు బరువు ఉంటాయి. మూత్రం ఆవిరికి ఆ తాడు లోపలి పోగులు ముందు తుప్పు పడతాయి, పైకి బాగానే కనిపిస్తుంది. ఒకరోజు తెగుతుంది. తోక నలిగితే ఒక నష్టం, కీపరు లోపల ఉంటే మరో నష్టం. పక్కకు జరిగే తలుపైతే పైన రోలర్లకు వేలాడాలి. కింది గాడి రెండు చివరలా తెరిచి ఉండాలి, లేకపోతే ఎముక ముక్క, పేడ ఇరుక్కుని సగంలో ఆగిపోతుంది. తలుపు లాగే పిడి దగ్గర నిలబడితే జంతువు మొత్తం కనబడాలి. కీపరు వెళ్లే దారికి రెండు తలుపులుండాలి, ఒకటి మూశాకే రెండోది తెరవాలి. రెండు గదుల మధ్య నడవాలో స్క్వీజ్ కేజ్ (పక్క గోడ జరిపి జంతువును కదలకుండా ఆపే బోను) పెట్టి జంతువు రోజూ దానిలోంచే నడిచేలా అలవాటు చేస్తే టీకాకు, రక్తపరీక్షకు మత్తు తూటా అవసరం ఉండదు. ఎండాకాలంలో మత్తు ఇస్తే ఒళ్లు వేడెక్కి ప్రాణం మీదకు వస్తుందని పశువైద్యులందరికీ తెలుసు.

ఇక బయటి ఆవరణ. జత పులులకు కనీసం 1000 చదరపు మీటర్లు, జత చిరుతలకు 500. మన లెక్కలో పది గుంటలు, అయిదు గుంటలు. చిరుత ఎక్కని చెట్టు లేదు, దూకని గోడ లేదు కాబట్టి దాని ఆవరణకు పైన కూడా జాలీ కప్పాలి. ఎలుగుబంటి తవ్వుతుంది. కంచె కింద మూడడుగుల లోతు దాకా కాంక్రీటు గోడ దింపకపోతే అది తవ్వుకుని బయటపడటానికి ఒక వానాకాలం చాలు. కంచెకు దగ్గరగా ఉన్న చెట్టును నరకనక్కర్లేదు, మొదలుకు ఆరడుగుల ఎత్తున నున్నటి రేకు చుడితే సరిపోతుంది. గాలివాన వచ్చిన ప్రతిసారీ జంతువులను వదిలే ముందు కంచె చుట్టూ తిరిగి, విరిగి వాలిన కొమ్మలున్నాయేమో చూడాలి.

ఎలుగు గురించి ఇంకో మాట. అది చెదలు, చీమలు, తేనె, ఇప్పపువ్వు, తునికి పండ్లు వెతుక్కుని తినే జీవి. పై వరుసలో ముందు పళ్లు రెండు ఉండవు, ఆ సందులోంచి చెదలను పీల్చుకుంటుంది. అలాంటిదాన్ని సిమెంటు గోతిలో ఉంచి, పైనుంచి జనం చూస్తే అది రెండు కాళ్లమీద నిలబడి అడుక్కోవడం నేర్చుకుంటుంది. లేకపోతే గోడ వెంట అటూ ఇటూ తిరుగుతూనే ఉంటుంది. పుట్టమన్ను కుప్పలు, రంధ్రాలు చేసి తేనె పూసిన మొద్దులు, తవ్వుకోవడానికి మెత్తని మట్టి ఇవ్వాలి. ఇవన్నీ కలిపినా ఒక అద్దం పలక ఖరీదు కాదు. కొత్తగా కట్టేటప్పుడు సందర్శకులు నిలబడే చోటు జంతువు కంటి ఎత్తులోనే ఉండాలి.

దుప్పులు, కణుజులు, కృష్ణజింకలను ఒకే మూసలో పెట్టకూడదు. కణుజుకు నీడ, బురదగుంట కావాలి. కృష్ణజింకకు ఆరిన, తెరిపి నేల కావాలి. కంచె మూలలు గుండ్రంగా తిప్పాలి. కుక్క మొరిగితే మంద మొత్తం మూలకు పరుగెత్తి ఒకదానిమీద ఒకటి పడుతుంది, గాయం లేకుండానే భయంతో కండరాలు దెబ్బతిని చనిపోయేవీ ఉంటాయి. అందుకే ఊరకుక్కలు రాకుండా ప్రహరీ గండ్లు పూడ్చడం ఈ అంచనాల్లోనే చేరాలి. కుక్కల డిస్టెంపర్ అనే వైరస్ జబ్బు పెద్దపులులకూ చిరుతలకూ సోకుతుంది. మేత నేలమీద వేయకుండా తొట్లలో, గడ్డి అరల్లో వేస్తే కడుపులో పురుగుల బెడద చాలావరకు తగ్గుతుంది. కోతులు ఎత్తుకుపోకుండా దాణా గదికి జాలీ తలుపు తప్పనిసరి.

మొసళ్ల మడుగుకు చుట్టూ ఒక్క ఇనుప జాలీ చాలదు, మగ్గర్ మొసలి జాలీ పట్టుకుని ఎక్కగలదు. కింద నున్నటి గోడ కట్టాలి. ఒడ్డున ఎండ తగిలే చోట రెండడుగుల లోతు ఇసుక పోస్తే గుడ్లు పెట్టుకుంటాయి.

సుందరీకరణ పేరుతో గన్నేరు మాత్రం నాటవద్దు. దాని ఆకులు కొన్ని తిన్నా జింక బతకదు. లాంటానా కూడా లివర్‌ను పాడుచేస్తుంది. నేరేడు, కానుగ, మర్రి జూన్‌లోనే నాటి, బెరడు గీకకుండా కంచెలు కట్టాలి. కట్టడం పూర్తయ్యాక చెట్ల గురించి ఆలోచిస్తే నీడ రావడానికి మరో అయిదేళ్లు పడుతుంది.

పనులన్నీ ఒకేసారి మొదలుపెట్టకుండా, ఖాళీగా ఒక ఎన్‌క్లోజరు పెట్టుకుని ఒక్కొక్కటిగా మార్చుకుంటూ పోవాలి. జంతువులను కదిలించడం నవంబరు నుంచి ఫిబ్రవరి మధ్యే. మేస్త్రీలు వెళ్లిపోయాక కడ్డీలు కట్టే తీగ ముక్కలు, మేకులు మిగులుతాయి. దుప్పి, నీల్గాయి వాటిని గడ్డితో పాటు మింగితే కడుపు చీల్చుకుని గుండె దాకా పోతాయి. అయస్కాంతం కట్టిన కర్రతో నేలంతా జల్లెడ పట్టాకే వదలాలి. కొత్త రాత్రి గదిలో వారం రోజులు మేపి, తలుపు చప్పుడుకు అలవాటయ్యాక, ఉదయం సగం మేతతో బయటికి వదిలితే సాయంత్రం మిగతా సగం కోసం దానంతట అదే లోపలికి వస్తుంది. ప్రారంభోత్సవం రోజున, మైకుల మధ్య మొదటిసారి వదలడం ప్రమాదం.

అధికారులు నక్షాలను గుత్తేదారుకు ఇచ్చే ముందు కీపర్లతో ఒకసారి చదివించాలని కోరుతున్నాం. ఏ గొళ్లెం ఎటు తిరగాలో, ఏ మూలలో నీళ్లు నిలుస్తాయో వారికి తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు. తుది బిల్లులో కొంత భాగాన్ని ఒక వానాకాలం గడిచే దాకా ఆపి ఉంచే షరతు టెండరులోనే పెట్టాలి. ఆ నాలుగు నెలల్లో తలుపులన్నీ తిరిగి, కాలువలన్నీ పారితేనే ఆ డబ్బు విడుదల చేయాలి.

ఇట్లు,
కొందరు పశువైద్యులు, వన్యప్రాణి అభిమానులు
హనుమకొండ