ధన్యవాదాలు లెక్కపెట్టి మంచితనం తేల్చకండి

సంపాదకులు గారికి,

గత ఆదివారం మీ పత్రికలో చైనావాళ్ల మర్యాదల మీద ఒక విదేశీ వ్యాసాన్ని అనువాదం చేసి వేశారు. వాళ్లు హోటల్లో పనివాళ్లను కేకేసి పిలుస్తారనీ, ప్లీజ్ గానీ థాంక్యూ గానీ అనరనీ, టిప్పు ఇవ్వరనీ, కాబట్టి సేవ చేసేవాళ్లంటే వాళ్లకు చిన్నచూపేననీ ఆ వ్యాసం సారాంశం. మావారి ఉద్యోగం వల్ల నేను ఐదేళ్లు చైనాలోని గ్వాంగ్‌జౌలో కాపురం చేశాను. చదివి ఊరుకోలేక ఇది రాస్తున్నాను.

కేకేసి పిలిచేది నిజమే. పొద్దున టీ హోటళ్లలో హాలు నిండా జనం, ఆ సందడిలో మెల్లగా పిలిస్తే ఎవరికీ వినపడదు. అయితే ఏమని పిలుస్తారో వ్యాసకర్త రాయలేదు. అక్కడి కాంటనీస్ భాషలో 'మ్ గోయ్' అంటారు. 'మీకీ శ్రమ కలిగించి ఉండకూడదు' అన్నంత అర్థం. పిలిచేటప్పుడూ అదే మాట, ప్లేటు తెచ్చి పెట్టాక కృతజ్ఞతకూ అదే మాట. ఎవరైనా కానుక ఇస్తే చెప్పే మాట 'దో జే', అది వేరు. మనకోసం పడ్డ శ్రమకు విడిగా ఒక మాట దాచుకున్న భాష అది. ఇంగ్లీషు థాంక్యూ కోసం చెవులు రిక్కించిన మనిషికి అది వినపడకపోవడంలో వింత లేదు.

ఇంకొకటి. టీ పోస్తుంటే వాళ్లు రెండు వేళ్లతో బల్లమీద మెల్లగా తడతారు. వెళ్లిన కొత్తలో చూసి, తొందరపెడుతున్నారు కాబోలు, టీ పోసే పిల్లను ఎందుకలా అనుకున్నాను. మా పక్కింటి బామ్మగారు చెప్పాక తెలిసింది, అది నమస్కారమట. చియన్‌లోంగ్ చక్రవర్తి మారువేషంలో తిరుగుతూ తన సేవకులకు టీ పోశాడనీ, సాష్టాంగపడితే గుట్టు బయటపడుతుందని వాళ్లు వేళ్లు వంచి మొక్కారనీ ఒక కథ చెప్పుకుంటారు. కథ ఎలాగున్నా, నోటినిండా మాటలున్నా, ఎంత గొడవలో ఉన్నా, టీ పోసే మనిషికి ఆ రెండు వేళ్లు కదలడం ఐదేళ్లూ చూశాను.

ఆ బామ్మగారే ఎండాకాలంలో పార్సిళ్లు తెచ్చే కుర్రాళ్లకోసం గుమ్మం పక్కన చలువ చేసే కషాయం సీసాలు పెట్టేది. వాళ్లను 'లెంగ్ జాయ్' అని పిలిచేది, అంటే అందగాడా అని. టాక్సీ నడిపేవాణ్ణి 'షిఫు' అంటారు, పనిలో ఆరితేరిన గురువు అని. మెట్లు ఊడ్చే ఆమె 'ఆయీ', అంటే పిన్ని. పని ముగించి వెళ్లేవాళ్లతో 'శిన్‌ఖు ల' అంటారు, 'చాలా కష్టపడ్డారు' అని.

ఇది మనకు తెలియని సంగతా? బస్సెక్కి 'అన్నా, బెంజి సర్కిల్ ఒకటి' అంటాం. కూరగాయల బండి ఆమెను అమ్మా అంటాం, 'పాపం ఎంత ఎండలో వచ్చావో, మంచినీళ్లు తాగు' అంటాం. ధన్యవాదాలు అని ఆమెతో ఏనాడైనా అన్నామా? అంటే ఆమే బిత్తరపోతుంది. ఆ వ్యాసం కొలబద్దతో కొలిస్తే రేపు మనమూ మర్యాద లేనివాళ్లమే. అందుకే దాన్ని మన భాషలో, ఒక్క ప్రశ్నా వేయకుండా అచ్చేయడం నాకు బాధ కలిగించింది.

టిప్పు సంగతి. అమెరికాలో టిప్పు మీద బతికే పనివాళ్లకు ఫెడరల్ చట్టం ప్రకారం యజమాని ఇవ్వాల్సిన కనీస కూలి గంటకు 2.13 డాలర్లు. 1991 నుంచి మారలేదు. మిగతా జీతం హోటలుకొచ్చేవాళ్ల టిప్పుల్లోంచి వస్తుందని లెక్క. దాన్ని దయ అని పేరుపెట్టి, అది లేని దేశాన్ని నిర్దయ అనడం ఏ న్యాయం?

ఈ మాట కొత్తదీ కాదు. షాన్‌డోంగ్‌లో ఏళ్ల తరబడి ఉన్న ఆర్థర్ స్మిత్ అనే అమెరికా మిషనరీ 1890ల్లో వేసిన పుస్తకంలో, చైనావాళ్లకు సానుభూతి లేదంటూ ఒక అధ్యాయమే కేటాయించాడు. 2011 అక్టోబర్‌లో ఫోషాన్‌లో రెండేళ్ల పాప బండి కిందపడితే పద్దెనిమిది మంది చూసీ చూడనట్టు పోయారు. ఆ వీడియో ప్రపంచమంతా తిరిగింది, ఆ అధ్యాయం మళ్లీ నిజమైనట్టు మాట్లాడారు. పాప బతకలేదు. ఆ పద్దెనిమిది మందిని నేను సమర్థించను. కానీ ఆగి, పాపను రోడ్డు మీంచి తీసిన ఆమె చెత్త ఏరుకుని బతికే మనిషి. ఆమెను ఎందరు గుర్తుపెట్టుకున్నారు? దేశం లోపల సిగ్గుపడి, ఏళ్లకేళ్లు వాదించుకుని, ఆపదలో సాయం చేసినవాడు అనుకోకుండా జరిగిన నష్టానికి బాధ్యుడు కాడని 2017లో చట్టం రాసుకున్నారు. అది మన పేపర్లలో నేను చూడలేదు.

అక్కడంతా బంగారమని చెప్పడం లేదు. 2024 ఆగస్టులో హాంగ్‌జౌలో ఒక డెలివరీ కుర్రాడు కంచె దాటుతూ పాడుచేశాడని, సెక్యూరిటీ మనిషి ముందు మోకాళ్లమీద కూర్చోవాల్సి వచ్చింది. అది చూసి తోటి రైడర్లు గుంపుగా వచ్చి నిలబడ్డారు. 2020లో రైడర్లను యాప్‌ల గడియారం ఎలా తరుముతోందో ఒక పత్రిక బయటపెడితే, ఎలమ అనే భోజనాల డెలివరీ కంపెనీ, ఆర్డరిచ్చినవాళ్లు నొక్కేందుకు 'ఐదు నిమిషాలు ఎక్కువ ఆగుతాను' అనే బటన్ తెస్తానంది. జనం సంతోషించలేదు, తిట్టారు. నీ రైడర్‌కు నువ్వివ్వాల్సిన టైము మా దయకు వదిలేస్తావా అని. వాళ్ల కోపంలో నాకు ఆ బామ్మగారి కషాయం సీసాలే కనిపించాయి.

గల్వాన్‌లో మన సైనికులు ఇరవై మంది పోయారు. ఆ బాధ నాకూ ఉంది, దానికి జవాబు చెప్పాల్సింది అక్కడి ప్రభుత్వం. మెట్లు ఊడ్చే పిన్నిని పిన్నీ అని పిలిచే బామ్మగారు కాదు.

2025 అక్టోబర్‌లో కోల్‌కతా నుంచి గ్వాంగ్‌జౌకు నేరుగా విమానాలు మళ్లీ మొదలయ్యాయి. మెడిసిన్ చదవడానికి పోయిన మన పిల్లలు, సరుకులకు పోయివచ్చే మన వ్యాపారులు ఎందరో ఉన్నారు. చైనా జనం గురించి ఈసారి రాయాల్సి వస్తే, ముందు అక్కడికి పోయివచ్చిన ఈ మనవాళ్లను అడగండి. చెడు చూసినవాళ్లుంటే అదీ వేయండి. అడిగితే నేనూ రాస్తాను.

భవదీయురాలు,
ఒక పాఠకురాలు, విజయవాడ