మెడ వంగిందని బేస్ గిటార్‌ను మూలన పడేయకండి

సంపాదకులకు నమస్కారములు.

సెలవుల్లో పిల్లలకు ఏ వాద్యం నేర్పించవచ్చో వివరిస్తూ మీ ఆదివారం అనుబంధంలో వచ్చిన వ్యాసం చదివాను. కీబోర్డుకూ తబలాకూ వయొలిన్‌కూ తగినంత చోటిచ్చిన ఆ వ్యాసం, పాటకు అడుగున మంద్ర స్వరాలు పలికే బేస్ గిటార్‌ను మాత్రం ‘ఖరీదైనది, కొత్తవారికి అనువు కాదు’ అంటూ ఒక్క వాక్యంలో దాటేసింది. ఇరవై ఆరేళ్లుగా పెళ్లి ఆర్కెస్ట్రాల్లోనూ, ఆదివారాలు మా చర్చిలోనూ బేస్ వాయిస్తూ, తెనాలి చుట్టుపక్కల నుంచి వచ్చే గిటార్లకు చిన్నపాటి మరమ్మతులు చేస్తున్న నాకు ఆ మాట సగమే నిజమనిపించింది.

పేరున్న కంపెనీ బేస్‌ను కొత్తగా కొనాలంటే ఇరవై వేల రూపాయల పరిసరాల్లో పెట్టక తప్పదు, యాంప్లిఫయరు ఖర్చు దానికి అదనం. అంతవరకు వ్యాసకర్త మాట ఒప్పుకుంటాను. అయితే ‘ఇక పనికిరాదు’ అంటూ నా దగ్గరికి వచ్చే బేస్‌లలో చాలావాటికి పట్టిన జబ్బు ఖరీదైనదేమీ కాదు. కొన్న నాటి నుంచి వాటిని ఎవరూ సరిగా బిగించకపోవడమే అసలు జబ్బు.

పోయిన వర్షాకాలంలో ఒక పల్లె చర్చి గాయక బృందం కుర్రాళ్లు ఇద్దరు గోనెసంచిలో చుట్టిన బేస్ ఒకటి తెచ్చారు. ‘నెక్ వంగిపోయిందన్నా, కొత్తది కొనడానికి చందాలు పోగుచేస్తున్నాం, దీన్ని ఎంతకో కొంతకు అమ్మిపెట్టు’ అన్నారు. నెక్ అంటే బేస్ మెడ, తీగలు సాగే పొడవాటి కర్ర. దాని మీద అడ్డంగా ఉండే లోహపు పట్టీలే ఫ్రెట్లు. బల్ల మీద పెట్టి పిల్లల స్కేలుతో కొలిస్తే పన్నెండో ఫ్రెట్ దగ్గర లావు తీగ ఐదు మిల్లీమీటర్ల ఎత్తులో ఉంది. అక్కడ రెండు, రెండున్నర ఉంటే చాలు. అంత ఎత్తున్న తీగను నొక్కితే వేలు నొప్పి పుట్టడమే కాదు, తీగ సాగి స్వరం కూడా పైకి జరుగుతుంది. తర్వాత ఆ తీగను మొదటి ఫ్రెట్ దగ్గర ఒక చేత్తో, మెడ చివరి ఫ్రెట్ దగ్గర ఇంకో చేత్తో నొక్కిపట్టి, ఏడెనిమిది ఫ్రెట్ల మధ్య తీగ కింద ఏమాత్రం సందు ఉందో చూడమన్నాను. విజిటింగ్ కార్డు మందం మాత్రమే ఉండాల్సిన ఆ సందులోకి ఏటీఎం కార్డు తేలిగ్గా దూరిపోయింది.

అలా ఎందుకు అవుతుందో కొనేవారికి ఎవరూ చెప్పరు. మామూలు మందపు తీగలు నాలుగింటినీ శ్రుతికి బిగిస్తే అవన్నీ కలిసి మెడను సుమారు డెబ్బై ఐదు కిలోల బలంతో ముందుకు లాగుతుంటాయి. ఆ లాగుడుకు ఎదురు నిలవడానికి మెడ కర్రలోపల ట్రస్ రాడ్ అనే ఇనుప కడ్డీ ఉంటుంది. గాలిలో తేమ పెరిగితే కర్ర ఉబ్బుతుంది, ఎండితే ముడుచుకుంటుంది. మా కృష్ణా డెల్టాలో ఏప్రిల్ ఎండకూ ఆగస్టు ముసురుకూ ఉన్న తేడా అందరికీ తెలిసిందే కాబట్టి, ఏడాదికి రెండుసార్లయినా ఆ కడ్డీని సరిచూసుకోవలసి ఉంటుంది. ఆ రోజు తీగలు కొంచెం వదులుచేసి కడ్డీ మరను కుడివైపు పావు చుట్టు తిప్పాను, మళ్లీ శ్రుతి చేసి రాత్రంతా వదిలేశాను, మర్నాడు ఇంకో పావు చుట్టు తిప్పాను. తీగలను దేహం వైపు పట్టి ఉంచే బ్రిడ్జి మీద, తీగలు ఆనే సాడిల్స్‌ అనే చిన్న ముక్కలను ఒకటిన్నర మిల్లీమీటర్ల ఎలెన్ కీతో (ఆరు పలకల తాళంచెవితో) దించాను. చివరగా పన్నెండో ఫ్రెట్ మీద నొక్కిన స్వరాన్ని ఖాళీ తీగ స్వరంతో ఫోనులోని ట్యూనరు సాయంతో పోల్చాను. నొక్కిన స్వరం హెచ్చుగా ఉంటే సాడిల్‌ను వెనక్కి, తగ్గుగా ఉంటే ముందుకు జరపాలి. ఇన్ని పనుల్లో కొన్న వస్తువు ఒక్కటి కూడా లేదు. కుర్రాళ్లు వాయించి చూసి, ఇది మా బేసేనా అన్నారు.

ఈ పని తేలికని చెప్పడం లేదు. 2001లో, మర్నాడు ముహూర్తానికి వాయించాలన్న తొందరలో, సరిపోని కీతో ఒకేసారి చుట్టున్నర తిప్పి నా మొదటి బేస్ కడ్డీ మరను అరగదీసింది నేనే. అంగుళాల లెక్కలో చేసిన మరకు మిల్లీమీటర్ల కీ పెట్టడం నేను చేసిన తప్పు. పావు చుట్టు, తర్వాత ఓపిక, ఆ తర్వాత కొలత అన్న క్రమం ఆ రోజు పోయిన ఎనిమిది వేలతో నేర్చుకున్నాను.

నిజానికి ఈ వాద్యాన్ని విప్పి బిగించుకోవడానికి వీలుగానే తయారుచేశారు. 1951లో ప్రెసిషన్ బేస్‌ను తెచ్చిన లియో ఫెండర్ గిటార్ వాయించడం రాని మనిషి, కాలిఫోర్నియాలోని ఫుల్లర్టన్‌లో రేడియోలు బాగుచేసుకుంటూ ఈ రంగంలోకి వచ్చినవాడు. మెడను జిగురుతో అతికించకుండా నాలుగు స్క్రూలతో దేహానికి బిగించాడు, వైర్లను ఒక మూత కింద అమర్చాడు. ఈనాటి చవక బేస్‌లలో ఎక్కువ భాగం ఆ నమూనాకో, 1960లో అతని ఫెండర్ కంపెనీయే తెచ్చిన జాజ్ బేస్‌కో నకళ్లే. కాబట్టి వైరు గుచ్చే చోట ఊడిపోయిన జాక్‌ను, తెగిన వైరును మన వీధి చివరి టీవీ మెకానిక్ తన సోల్డరింగ్ ఐరన్‌తో పది నిమిషాల్లో అతికించగలడు. సౌండు హెచ్చుతగ్గులు చేసే పాట్ అనే గుండీ తిప్పినప్పుడు గరగరమంటుంటే కాంటాక్ట్ క్లీనర్ కొట్టి పదిసార్లు అటూ ఇటూ తిప్పితే చాలావరకు పోతుంది.

డబ్బు తక్కువగా ఉన్నవారికి నేనిచ్చే సలహా సెకండ్ హ్యాండ్ బేస్. పదివేల లోపు దొరికే వాటిలో మంచివి ఉన్నాయి, చూసి కొనాలి. గీతలనూ రంగు పెచ్చులనూ పట్టించుకోకండి. బేస్‌ను తుపాకీలా గురిపెట్టి మెడ వెంట చూడండి. వంపు ఒక్కటే అయితే కడ్డీతో సరిచేయవచ్చు గానీ తాడులా మెలితిరిగి ఉంటే ఎంత చవకకిచ్చినా వద్దు. కడ్డీ మర రెండువైపులా కొంచెమైనా కదులుతోందో లేదో అమ్మేవారి ఎదుటే చూపించమనండి. ప్రతి తీగనూ ప్రతి ఫ్రెట్ మీదా వాయించి, ఎక్కడైనా బర్రుమంటోందా, మూగగా పలుకుతోందా వినండి. ఫ్రెట్ల మీద తీగలు లోతుగా కోసిన గాట్లు ఉంటే ఫ్రెట్ పని ఖర్చు బేస్ ధరను మించిపోవచ్చు.

చర్చి కుర్రాళ్లలో ఇప్పుడు ఐదు తీగల బేస్ మీద మోజు ఎక్కువైంది. స్వరంలో అన్నిటికన్నా అడుగున చేరే ఆ ఐదో తీగ 31 హెర్ట్‌జ్ దగ్గర, అంటే సెకనుకు 31 సార్లు కంపిస్తూ, పలుకుతుంది. చవక బేస్‌లలో ఆ తీగ వదులుగా కొట్టుకుంటుందే తప్ప స్వరంగా నిలబడడం అరుదు. అదే డబ్బుకు మేలైన నాలుగు తీగల వాద్యం వస్తుంది. పన్నెండేళ్ల పిల్లలకైతే మామూలు ముప్పై నాలుగు అంగుళాల స్కేలు, అంటే మోగే తీగ పొడవు, చేతికి అందదు కాబట్టి ముప్పై అంగుళాల పొట్టి బేస్ వెతకండి.

తీగ కదలికను కరెంటు సంకేతంగా మార్చే పికప్‌ను కొన్న నెలకే మార్చాలని వచ్చేవారు ఉంటారు. పికప్ మార్చడం చివరి మెట్టు. రెండు వేల రూపాయల పరిసరాల్లో దొరికే కొత్త తీగల జత తెచ్చే తేడా అంతకు ఎన్నో రెట్లు పెట్టి కొన్న పికప్ చాలాసార్లు తేలేదు. వాయించిన ప్రతిసారీ పొడి గుడ్డతో తీగలను తుడిస్తే ఆ రెండు వేలు చాలా నెలలు నిలుస్తాయి. మకిలి పట్టి మొద్దుబారిన తీగలను విప్పి, పది నిమిషాలు నీళ్లలో మరిగించి, పూర్తిగా ఆరబెట్టి ఎక్కిస్తే కొన్నాళ్లు మళ్లీ గలగలమంటాయి. ఆర్కెస్ట్రాలవాళ్లం అందరం చేసిన పనే ఇది. గరుకు తగలని ఫ్లాట్‌వౌండ్ తీగలైతే ఏళ్ల తరబడి వస్తాయి. మోటౌన్ అనే అమెరికా కంపెనీ రికార్డులకు బేస్ వాయించిన జేమ్స్ జేమర్సన్ తన బేస్ మీద అవే ఉంచేవారు, తెగితే తప్ప మార్చేవారు కారు. మెడ మీద వేళ్లు నొక్కే రోజ్‌వుడ్ ఫింగర్‌బోర్డుకు మాత్రం ఇంట్లోని కొబ్బరినూనె రాయకండి. అది జిడ్డుకట్టి దుమ్ము పట్టి కంపుకొడుతుంది. ఏడాదికి ఒకసారి రెండు చుక్కల లెమన్ ఆయిల్ గుడ్డతో రాసి తుడిచేస్తే చాలు.

హమ్, అంటే గుయ్యిమనే రొద గురించి ఒక మాట చెప్పాలి. షామియానా కింద జనరేటరు మీద నడిచే మా స్టేజీల్లో ఎర్తింగ్ సరిగా ఉండదు, బేస్ గుయ్యిమంటే నింద పికప్ మీద పడుతుంది. తీగలను చేత్తో తాకగానే గుయ్యిమనడం తగ్గితే బ్రిడ్జికి వెళ్లే ఎర్త్ వైరు పనిచేస్తున్నట్టే. అప్పుడు బేస్ లోపల వైర్లు ఉండే గుంతకు రాగి రేకు అతికించి దాన్ని ఎర్త్‌కు కలిపితే చాలా నయమవుతుంది. తాకినా ఏ మార్పూ లేకపోతే ఆ వైరు తెగిందేమో ముందు చూడండి. జాజ్ బేస్ నమూనా అయితే రెండు వాల్యూములూ సమానంగా తెరిచి చూడండి, రెండు పికప్‌ల హమ్ ఒకదాన్నొకటి కొట్టేసుకుంటుంది. తొమ్మిది వోల్టుల బ్యాటరీతో నడిచే యాక్టివ్ బేస్‌లలో వైరు గుచ్చి ఉన్నంతసేపూ బ్యాటరీ ఖర్చవుతూనే ఉంటుంది. పని అయ్యాక వైరు పీకడం మరచి, మర్నాడు కల్యాణమండపంలో రెండో పాటకే మూగబోయిన అనుభవం నాకుంది.

యాంప్లిఫయరు కొనలేనివారు ఇంట్లో హోమ్ థియేటరుకు గుచ్చి వాయించకండి. లావు తీగ 41 హెర్ట్‌జ్ దగ్గర మోగుతుంది, గట్టిగా పెడితే చిన్న స్పీకరు పేపరు చిరుగుతుంది. మిక్సరు ఉన్న చర్చికి, బేస్‌ను నేరుగా దానికి కలిపే డీఐ బాక్సు ఒకటి చాలు. ఆ కుర్రాళ్లు చందా డబ్బుతో కొత్త తీగలూ ఒక డీఐ బాక్సూ కొని, మిగిలినదాన్ని పాస్టరుగారికి తిరిగి అప్పగించారు.

ఇళయరాజా పాటల్లో పల్లవి కింద నడిచే బేస్‌ను వింటూ ఈ వాద్యం పట్టిన తరం మాది. నేర్చుకుంటామని వచ్చేవారు ఈనాటికీ ఉన్నారు. ఐదు మిల్లీమీటర్ల ఎత్తు తీగలతో వేళ్లు నొప్పిపుట్టి, తమకు రాదనుకుని మానేసేవారిని చూస్తే బాధ కలుగుతుంది. మీ పత్రిక ద్వారా దుకాణదారులకు నా విన్నపం ఒక్కటే: బేస్‌ను అట్టపెట్టెలోంచి తీసి అలాగే చేతికివ్వకుండా, తీగల ఎత్తు సరిచేసి, కడ్డీకి సరిపోయే ఎలెన్ కీని సంచిలో వేసి ఇవ్వండి. తల్లిదండ్రులు కూడా బిల్లు చెల్లించే ముందు ఆ కీని అడిగి తీసుకోవాలని కోరుతున్నాను.

భవదీయుడు,
ఒక బేస్ వాద్యకారుడు,
తెనాలి.