దొంగ కాపీలతో పరిశోధన ఇంకెన్నాళ్లు?

సంపాదకుడు గారికి,

నేను విద్యాశాస్త్రంలో పీహెచ్‌డీ చేస్తున్నాను. మూడు మండలాలు తిరిగి, ఉపాధ్యాయుల చేత 312 ప్రశ్నావళులు నింపించుకుని వచ్చాను. వీటిని దేంతో విశ్లేషించాలని అడిగితే అందరూ చెప్పిన పేరు ఒకటే, ఎస్‌పీఎస్‌ఎస్ అనే గణాంక సాఫ్ట్‌వేర్. మా విభాగానికి మాత్రం దాని లైసెన్సు లేదు. సీనియర్ ఒకరు దాని దొంగ కాపీ ఉన్న పెన్‌డ్రైవ్ చేతిలో పెట్టి, "ముందు యాంటీవైరస్ ఆపేయమ్మా, లేకపోతే ఎక్కదు" అన్నారు. ఆ వారమే మాకు పరిశోధన నైతికత పరీక్ష! పీహెచ్‌డీ కోర్సువర్కులో రెండు క్రెడిట్ల ఆ పేపరును తప్పనిసరి చేస్తూ యూజీసీ 2019లో నిర్ణయం తీసుకుంది.

విద్యార్థులకు తక్కువ ధరకు లైసెన్సు దొరకదని కాదు. దొరికేది ఆరు నెలలకో ఏడాదికో. సిద్ధాంత వ్యాసం అంత త్వరగా తెమిలేదైతే ఇంకేం కావాలి? నా స్నేహితురాలు ఫెలోషిప్ డబ్బుతో కొనుక్కుంది. గైడు సవరణలు చెప్పేనాటికి గడువు తీరింది. రెండు పట్టికల కోసం మళ్లీ డబ్బు కట్టింది. ఇంకొందరు గేటు ఎదుటి జిరాక్స్ షాపులో లెక్కలు చేయించుకుంటారు. ఆ అంకెలు ఎలా వచ్చాయని వైవాలో (మౌఖిక పరీక్షలో) అడిగితే నేల చూపులే.

నేను పీఎస్‌పీపీ ఎంచుకున్నాను. ఇది ఉచితం, ఎస్‌పీఎస్‌ఎస్ డేటా ఫైళ్లనే తెరుస్తుంది. అనుమానం తీరక, లైసెన్సు ఉన్న మిత్రుడి కంప్యూటర్‌లోనూ అదే టి-పరీక్ష (రెండు సగటులను పోల్చే లెక్క) చేయించాను. మూడో దశాంశ స్థానం దాకా తేడా లేదు. పీఎస్‌పీపీలో లేని పద్ధతులకు ఆర్ అనే మరో ఉచిత సాఫ్ట్‌వేర్ పట్టుకున్నాను. న్యూజిలాండ్‌లోని ఆక్లండ్ విశ్వవిద్యాలయంలో ఇద్దరు అధ్యాపకులు మొదలుపెట్టిన ఈ సాఫ్ట్‌వేర్ మొదటి నెల నాకు చుక్కలు చూపించింది. ఒక్క కామా మరిచిపోతే తెర నిండా ఎర్రక్షరాలు. అలవాటయ్యాక, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివిన గణాంక శాస్త్రవేత్త సి.ఆర్. రావు గారి పేరిట ఉన్న గణాంక పరీక్షను 'రావ్' అని టైపు చేసి రప్పించుకున్న రోజు ఎంత పొంగిపోయానో! ఆర్‌కు భయపడేవారికి ఆమ్‌స్టర్‌డామ్ విశ్వవిద్యాలయం వారి ఉచిత సాఫ్ట్‌వేర్ జాస్ప్ ఉంది. మౌస్‌తోనే పని జరిగిపోతుంది.

సమీక్ష రోజున కమిటీ సభ్యుడు ఒకరు, "ఉచితంగా వచ్చేదాన్ని నమ్మడమెలా?" అన్నారు. పీఎస్‌పీపీ, ఎస్‌పీఎస్‌ఎస్ ఇచ్చిన రెండు పట్టికలూ పక్కపక్కన పెట్టాను. ఆయన అంకెల జోలికి పోలేదు, పైన సాఫ్ట్‌వేర్ పేరు చూసి కాగితం తిప్పేశారు.

పరిశోధన పత్రికల చందాల కోసం కేంద్రం 2024లో 6,000 కోట్ల రూపాయలతో పథకం ఆమోదించింది, సంతోషం. సాఫ్ట్‌వేర్‌కు అంత ఖర్చు అక్కర్లేదు. ఐఐటీ బాంబేలో ఉచిత సాఫ్ట్‌వేర్ వాడకం కోసం నడిచే ఫాసీ ప్రాజెక్టు కేంద్ర విద్యాశాఖ నిధులతో ఆర్ వాడకాన్ని ఇప్పటికే ప్రోత్సహిస్తోంది. మన విశ్వవిద్యాలయాలు కోర్సువర్కులో ఆర్ నేర్పాలి. ఉచిత సాఫ్ట్‌వేర్‌తో చేసిన విశ్లేషణ చెల్లుతుందని పీహెచ్‌డీ నిబంధనల్లో ఒక్క వాక్యం చేర్చాలి. ఎస్‌పీఎస్‌ఎస్సే కావాలని పట్టుబట్టే విభాగాలు లైసెన్సు కొని ల్యాబులో పెట్టాలి.

– ఒక పరిశోధక విద్యార్థిని, విశాఖపట్నం